మస్టాంగ్ వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చడం: పిస్టన్‌ను నొక్కొద్దు, తిప్పాలి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి ర్యాంప్ దిగుతుంటే మొదట తెలుస్తుంది. బ్రేక్ తొక్కగానే వెనక నుంచి సన్నగా కీచుమంటుంది, గోడలకు తగిలి ఇంకా గట్టిగా వినిపిస్తుంది. రోడ్డు మీద హారన్ల గోలలో అది చెవిన పడదు. ప్యాడ్ అరిగి చివరికొచ్చేసరికి దానికి బిగించిన చిన్న ఇనుప రేకు డిస్కుకు రాసుకుంటుంది, ఆ కీచు అదే. మనకు తెలియాలనే అలా పెట్టారు. అది గరగరమని గీసుకుంటున్న చప్పుడుగా మారిందంటే మాత్రం ప్యాడ్ మొత్తం అయిపోయి, వెనకున్న ఇనుప పలక డిస్కును తినేస్తోందన్నమాట. అక్కడిదాకా రానిస్తే ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కులదాకా వెళ్తుంది.

ఇక్కడ చెప్పేది ఫోర్డ్ మస్టాంగ్ జీటీ గురించి. 2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఐదు లీటర్ల వీ8 బండి. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మీది వేరే కారైనా, వెనక ఒక్క పిస్టన్ ఉన్న క్యాలిపర్ (పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కుకు అదిమే ఇనుప పట్టు), లాగితే కేబుల్‌తో ఆ క్యాలిపర్‌నే పట్టించే హ్యాండ్ బ్రేక్ ఉంటే పని దాదాపు ఇదే.

లేకపోతే ఇక్కడే ఆగి ఒక విషయం చూసుకోండి. హ్యాండ్ బ్రేక్ లివర్ బదులు బటన్ ఉండి, క్యాలిపర్ వెనక చిన్న మోటార్ కనిపిస్తే అది ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్. కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి తెచ్చి, ఆ మోటార్‌ను వెనక్కి రప్పించాకే పిస్టన్ ముట్టుకోవాలి. బలవంతం చేస్తే మోటార్ పోతుంది. పోర్షే 718, 911 లాంటివాటి కథ ఇంకో రకం. వాటి వెనక క్యాలిపర్ కదలదు, రెండు వైపులా పిస్టన్లుంటాయి, పార్కింగ్ బ్రేక్‌కు డిస్కు మధ్య డొప్పలో విడిగా బ్రేక్ షూలుంటాయి. అక్కడ పిస్టన్లను తిన్నగా లోపలికి నెడితే చాలు, తిప్పే పనే లేదు. బీఎండబ్ల్యూ, పోర్షేలలో ప్యాడ్‌కు వైరు సెన్సర్ కూడా ఉంటుంది. డాష్‌బోర్డ్ మీద లైటు వెలిగాక మారుస్తుంటే ఆ సెన్సర్ కూడా కొత్తది కావాలి.

మన బండిలో మాత్రం పిస్టన్ తిప్పాల్సిందే. మొదటిసారి నేను ప్యాడ్లు మార్పించింది ఒక గ్యారేజీలో. పని చేసిన కుర్రాడు ముందు చక్రాలకు అలవాటైనట్టే వెనక కూడా సీ క్లాంప్ (మర తిప్పి నొక్కే బిగింపు) వేసి బిగించాడు. పిస్టన్ కదల్లేదు. తుప్పు పట్టిందనుకుని క్లాంప్ పిడికి పైపు తొడిగి ఇంకా బిగించాడు. లోపల ఎక్కడో టక్‌మంది, పిస్టన్ లోపలికి వెళ్లింది, అందరం సంతోషించాం. వారం తర్వాత హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ ఎత్తు రోడ్డు మీద హ్యాండ్ బ్రేక్ లాగితే బండి మెల్లగా వెనక్కి జారింది. వెనక పిస్టన్ లోపల ఒక మరలున్న ఇరుసు ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ లాగినప్పుడు పిస్టన్‌ను నెట్టేది అదే, ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్‌ను తనంతట తానే ముందుకు జరుపుకునేదీ అదే. తిన్నగా నొక్కితే దెబ్బ ఆ మరల మీద పడుతుంది. చివరికి క్యాలిపర్ మొత్తం మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను.

అసలు ఆపే పని ఎక్కువగా ముందు బ్రేకులదే కదా, వెనకవి ఎందుకింత తొందరగా అరుగుతాయని అడుగుతారు. బ్రేక్ వేయగానే బరువు ముందుకు పడుతుంది కాబట్టి పెద్ద పని ముందువాటిదే, నిజమే. కానీ వెనక ప్యాడ్లు చిన్నవి. పైగా ఇది వెనక చక్రాలు తోసే బండి. తడి రోడ్డు మీద యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తొక్కితే చక్రం జారుతుంది, దాన్ని పట్టుకోవడానికి ట్రాక్షన్ కంట్రోల్ మనల్ని అడక్కుండానే వెనక బ్రేక్ వేస్తుంది. ఇక సాయంత్రం ఆరున్నరకు బయోడైవర్సిటీ జంక్షన్ దాటడమంటే పది అడుగులకోసారి బ్రేక్. వెనక బ్రేక్ మాటొచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగింది గుర్తుందా? ఆ తరం కార్లను డిజైన్ చేసినప్పుడు వెనక మామూలు హైడ్రాలిక్ బ్రేకులే పెట్టలేదు, వెనక చక్రాలను మోటారే ఆపుతూ బ్యాటరీ చార్జ్ చేస్తుంది. మనకు ఆ భోగం లేదు, పానా పట్టాల్సిందే.

సామాను

ప్యాడ్లు ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. ఒక వైపే మారిస్తే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, మస్టాంగ్ ఎలాగూ బయటి నుంచి వచ్చిన బండే. కాబట్టి ప్యాడ్లు తెప్పించుకునేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చెప్పకండి, ఛాసిస్ నంబరు ఇవ్వండి. బ్రేకుల సైజు వేరియంట్‌ను బట్టి మారుతుంది. రేసు ప్యాడ్ల జోలికి పోవద్దు. అవి బాగా వేడెక్కితేనే పట్టుకుంటాయి, పొద్దున్నే చల్లటి బండితో గేటు దాటేటప్పుడు పట్టు తక్కువ, గోల ఎక్కువ. రోడ్డుకు సెరామిక్ ప్యాడ్లు హాయి, అల్లాయ్ వీల్స్ మీద నల్ల దుమ్ము కూడా తక్కువ.

పనిముట్లకు సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్తే ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి. కావాల్సినవి: తక్కువ ఎత్తులో దూరే ట్రాలీ జాకీ, ఎత్తిన బండిని మోసే రెండు జాక్ స్టాండ్లు, 21 మి.మీ. సాకెట్, పొడుగు రాడ్, ఎంత బలంతో (టార్క్) బిగిస్తున్నామో చూపించే టార్క్ రించ్, వైర్ బ్రష్, రెండు డబ్బాల బ్రేక్ క్లీనర్, బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు. అన్నిటికన్నా ముఖ్యమైనది పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి నెట్టే కిట్. స్టాండ్ల దగ్గర పీనాసితనం పనికిరాదు. దాదాపు 1,700 కిలోల బండి అది. ఎంత బరువు మోస్తుందో స్టాండ్ మీద స్పష్టంగా లేకపోతే కొనకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు అస్సలు వద్దు, అవి వంగవు, చెప్పకుండా పగులుతాయి. మెడికల్ షాపులో ఒక 20 మి.లీ. సిరంజి కూడా తీసుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను.

బండి ఎత్తడం

తొందరపడకుండా చేయాల్సిన భాగం ఇదే. సెల్లార్లలో నీళ్లు పోవడానికి నేల వాలుగా వేస్తారు, కంటికి తెలియదు. ఒక గోళీ పెట్టి చూడండి, దొర్లితే ఇంకో చోటు వెతకండి. రాత్రంతా ఆగి ఉన్న బండి మీద పొద్దున్నే మొదలుపెట్టండి, వేడి డిస్కు చేయి కాలుస్తుంది. వాచ్‌మన్‌కు ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే బండి గాల్లో ఉన్నప్పుడే పక్కింటాయన కారు తీయాలంటాడు.

ఇప్పుడొక ఆలోచన. మన బండిలో హ్యాండ్ బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలను. పార్క్‌లో పెట్టినా, గేరులో పెట్టినా పట్టుకునేది మళ్లీ వెనక చక్రాలనే. ఆ వెనక చక్రాలనే మనం గాల్లోకి లేపుతున్నాం. అంటే ఎత్తిన తర్వాత బండిని కదలకుండా ఆపేది ముందు చక్రాలకు పెట్టిన చెక్క దిమ్మలు మాత్రమే. రెండు ముందు చక్రాలకూ, ముందూ వెనకా, గట్టిగా నాలుగు దిమ్మలు తన్ని పెట్టండి.

చక్రాలు నేల మీద ఉండగానే, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, వీల్ నట్లు పావు తిప్పు లూజ్ చేయండి. తర్వాత తలుపుల కింద అంచులో, వెనక చక్రానికి కాస్త ముందున్న జాకీ పాయింట్ చూసి ఎత్తండి. అంచు వంగకుండా మధ్యలో గాడి ఉన్న రబ్బరు దిమ్మ జాకీ తల మీద పెట్టుకుంటే మంచిది. ఒక పక్క ఎత్తి స్టాండ్, తర్వాత రెండో పక్క. రెండూ కూర్చున్నాక బండిని చేత్తో బలంగా ఊపి చూడండి. ఊగాల్సిందైతే మీరు కిందకు చేయి పెట్టకముందే ఊగనివ్వండి. విప్పిన చక్రాన్ని బండి అంచు కిందకి పడుకోబెట్టి తోసేయండి, స్టాండ్ జారినా బండి దాని మీద పడుతుంది. ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ దించేయండి. దించకపోతే పిస్టన్ ఎంత తిప్పినా వెనక్కి పోదు.

విప్పడం

ఒక వైపు మొత్తం అయ్యాకే రెండో వైపు ముట్టుకోండి. ఏ క్లిప్పు ఎటు తిరిగి ఉండాలో అనుమానం వస్తే రెండో వైపు చూసుకోవచ్చు. ఫోన్‌తో నాలుగు ఫోటోలు కూడా తీసుకోండి, గ్రీజు చేతులయ్యాక కుదరదు. నల్ల దుమ్మును నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. ముక్కుకు మాస్కు కట్టుకుని బ్రేక్ క్లీనర్ స్ప్రే చేస్తే కిందికి కారిపోతుంది.

క్యాలిపర్ అటూ ఇటూ జరిగేది రెండు గైడ్ పిన్నుల మీద, వాటి బోల్టులు క్యాలిపర్ వెనక వైపు ఉంటాయి. బోల్టుతో పాటు పిన్ను కూడా గిర్రున తిరుగుతుంటే సన్నటి స్పానర్‌తో పిన్ను పట్టుకోండి. రెండూ ఊడాక క్యాలిపర్‌ను అటూ ఇటూ కదిలిస్తూ బయటికి లాగండి. దాన్ని బ్రేక్ పైపు మీద వేలాడదీయొద్దు. బయటికి బాగానే కనిపిస్తుంది కానీ ఆ బరువుకు పైపు లోపల చిట్లుతుంది. కరెంటు వైరు ముక్కతో సస్పెన్షన్ స్ప్రింగ్‌కు కట్టేయండి.

పాత ప్యాడ్లు తీశాక పారేయకుండా ఒక్క నిమిషం వాటిని చదవండి, చాలా చెప్తాయి. అరిగే పొర 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చే టైమే. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ ఇంచుమించు సమానంగా అరిగి ఉంటే అంతా బాగున్నట్టు. లోపలిది బాగా అరిగి బయటిది అలాగే ఉంటే గైడ్ పిన్ను పట్టేసింది, లేదా పిస్టన్ వెనక్కి రావట్లేదు. ప్యాడ్ ఒక కొస మందంగా, ఒక కొస పలచగా ఉందా? అది తన గాడిలో ఇరుక్కుపోయింది. జబ్బు ఇక్కడుండగా కొత్త ప్యాడ్ వేస్తే అదీ అలాగే అరుగుతుంది. డిస్కును కూడా చూడండి. కనీస మందం ఎంతో డిస్కు మీదే చెక్కి ఉంటుంది. మందం కొలిచే వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలిచి పోల్చుకోండి. అంచున తేలే గట్టు కొలతలో కలవకూడదు, దాని లోపల కొలవాలి. గోరు ఆనితే తగులుకునేంత గీతలున్నా, మందం తగ్గినా డిస్కు మార్చాలి.

పిస్టన్

బానెట్ తెరిచి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీయండి. చుట్టూ తడిగుడ్డ కప్పండి, ఆ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది. చుక్క పడితే వెంటనే నీళ్లు పోసి కడిగేయాలి. పిస్టన్ వెనక్కి పోతే ఆయిల్ ఈ డబ్బాలోకే పొంగుతుంది. ఎవరైనా మధ్యలో ఆయిల్ పోసి మ్యాక్స్ దాకా నింపి ఉంటే పొర్లుతుంది. సిరంజి ఇందుకే. రెండు మూడు సార్లు లాగి పక్కన ఒక సీసాలో పోసేయండి. ఆ ఆయిల్ మళ్లీ వాడొద్దు, బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది.

పిస్టన్ ముఖం మీద గాడులు కనిపిస్తాయి. కిట్‌లో వాటికి సరిగ్గా కూర్చునే ముక్కను ఎంచుకోండి. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు బూటు అంచున కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే తిప్పేటప్పుడు మెలిక పడదు. ఇక నెడుతూనే గడియారం ముల్లు తిరిగే దిక్కులో నెమ్మదిగా తిప్పండి. ఉత్తినే తిప్పితే అక్కడే గిరగిరా తిరుగుతుంది, ఉత్తినే నెడితే నా కథే. రెండూ కలవాలి. ప్రతి రెండు తిప్పులకోసారి ఆగి బానెట్ దగ్గరికెళ్లి ఆయిల్ మట్టం చూసి రండి. తిప్పుతుంటే పిస్టన్ బయటికొస్తోందంటే ఆపేయండి, కొన్ని కార్లలో ఒక పక్క క్యాలిపర్‌కు దిక్కు తిరగబడి ఉంటుంది.

కొత్త లోపలి ప్యాడ్ వెనక చిన్న బుడిపె ఉందేమో చూడండి. ఉంటే పిస్టన్ గాడి సరిగ్గా దాని ఎదురుగా ఉండేలా చివరి పావు తిప్పు సరిచేయాలి. బుడిపె గాడిలో కాకుండా పిస్టన్ అంచు మీద కూర్చుంటే ప్యాడ్ వంకరగా అరుగుతుంది. రబ్బరు బూటు చిరిగి ఉన్నా, పిస్టన్ చుట్టూ తడిగా ఉన్నా పని ఇక్కడితో ఆపండి, ఆ క్యాలిపర్‌ను బాగుచేయించాలి.

శుభ్రం, గ్రీజు

గ్యారేజీల్లో ఎగ్గొట్టేది ఈ ముప్పావు గంటనే. ప్యాడ్ చెవులు (రెండు కొసల్లో పొడుచుకొచ్చే ముక్కలు) కూర్చునే చోట పాత స్టీలు క్లిప్పులు పీకేసి, కింద పేరుకున్న తుప్పును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకండి. మన దగ్గర సగం కట్టడాల దుమ్ము, సగం వాన బురద కలిసి అక్కడ రాయిలా గట్టిపడతాయి. కొత్త క్లిప్పులు చాలావరకు ప్యాడ్ల డబ్బాలోనే వస్తాయి. గైడ్ పిన్నులు బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి వెనక్కి నెట్టండి. ఏ పిన్ను ఏ రంధ్రంలోదో తారుమారు కానివ్వొద్దు, ఒకదానికి రబ్బరు తొడుగు ఉండొచ్చు. వేలితో నెడితే మెత్తగా లోపలికి పోయి, వదిలితే కాస్త వెనక్కి రావాలి. మామూలు పసుపు గ్రీజు ఇక్కడ రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది.

కొత్త ప్యాడ్ చెవులకు, వెనక పలక మీద పిస్టన్ ఆనే చోట మెరిసేంత పలచగా గ్రీజు చాలు. అరిగే ముఖానికి గ్రీజు వేలు తగిలిందంటే ఆ ప్యాడ్ నమ్మకం పోయినట్టే. కీచుమనే రేకు ఉన్న ప్యాడ్‌ను పాతది ఉన్న చోటే పెట్టండి. డిస్కు రెండు ముఖాలనూ బ్రేక్ క్లీనర్‌తో తుడవండి.

క్యాలిపర్ ఎక్కించి గైడ్ పిన్ బోల్టులు వర్క్‌షాప్ మాన్యువల్‌లో రాసిన టార్క్‌కు బిగించండి. ఇవి చిన్న బోల్టులు, పొడుగు రాడ్‌తో బలం చూపిస్తే మరలు పోతాయి. బ్రేక్ పైపు మెలిక పడలేదని చూసుకుని రెండో వైపు మొదలుపెట్టండి. రెండోది సగం టైమే పడుతుంది.

కదిలే ముందు

చక్రాలు బిగించి, బండి దించి, నట్లను నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా టార్క్ రించ్‌తో బిగించండి. ఈ మస్టాంగ్‌కు 204 న్యూటన్ మీటర్లు. చిన్న కార్ల లెక్కకు ఇది చాలా ఎక్కువ అనిపిస్తుంది, అయినా అంతే. దిమ్మలు ఇంకా తీయొద్దు.

ఇంజిన్ ఆన్ చేయకుండానే బ్రేక్ పెడల్ తొక్కండి. నేల దాకా దిగిపోతుంది. భయపడకండి, పిస్టన్ వెనక్కి పోయింది కాబట్టి ప్యాడ్‌కు దానికి మధ్య ఖాళీ ఉంది. సగం సగం తొక్కుతూ పోతే పది పదిహేను తొక్కులకు గట్టిపడుతుంది. ఈ ఒక్కటి మర్చిపోయి రివర్స్ వేసినవాళ్లున్నారు. సెల్లార్ స్తంభమే వాళ్లను ఆపింది. పెడల్ గట్టిపడ్డాక హ్యాండ్ బ్రేక్ ఐదారుసార్లు లాగి దించండి, లోపలి మర తన ఖాళీ తను సర్దుకుంటుంది. ఆయిల్ మట్టం చూసి మూత పెట్టండి. అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి, పెడల్ మళ్లీ చూసి, దిమ్మలు తీసి, సెల్లార్‌లోనే మనిషి నడక వేగంలో నాలుగుసార్లు ఆపి చూడండి. పెడల్ మెత్తగానే ఉంటే ర్యాంప్ ఎక్కొద్దు.

కొత్త ప్యాడ్లకు డిస్కుతో పరిచయం కావాలి. తెల్లవారుజామున ఖాళీగా, తిన్నగా ఉండే రోడ్డు చూసుకోండి. నేను ఆదివారం ఐదున్నరకు నార్సింగి వైపు సర్వీస్ రోడ్డుకు వెళ్తాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం వద్దు, అక్కడ వెనక బండి నూటికి పైగా వస్తుంటే మీరు ప్యాడ్లు అరగదీస్తానంటే కుదరదు. అద్దంలో వెనక ఎవరూ లేరని చూసుకుని, 60 నుంచి 15 దాకా ఓ మోస్తరుగా బ్రేక్ వేయండి, పూర్తిగా ఆపకండి. మళ్లీ 60కి రండి, అర నిమిషం గాలి తగలనివ్వండి, మళ్లీ వేయండి. ఇలా ఎనిమిది పదిసార్లు. మధ్యలో కాస్త కాలిన వాసన వస్తే కంగారు వద్దు, కొత్త ప్యాడ్ అలాగే ఉంటుంది. పొగ వస్తే ఆపి చల్లారనివ్వండి. తర్వాత పది నిమిషాలు బ్రేక్ పెద్దగా ముట్టకుండా నడిపి ఇంటికి రండి. వేడి మీద హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేయొద్దు, ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడి తర్వాత పెడల్ వణుకుతుంది. నీళ్లు కొట్టి చక్రాలు కడగడం కూడా సాయంత్రానికి వాయిదా వేసుకోండి.

ఇంటికొచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చేయి ఆనించకుండా, దూరం నుంచే వేడి గమనించండి. వెనక రెండూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒకటి మాత్రం నిప్పులా ఉంటే ఆ వైపు గైడ్ పిన్నో, హ్యాండ్ బ్రేక్ కేబులో పట్టేసింది, మళ్లీ విప్పాలి. వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లను ఇంకోసారి టార్క్ రించ్‌తో చూసుకోండి. వాన నీళ్లలో మునిగి తేలిన బండికి గైడ్ పిన్నులే ముందు పట్టేస్తాయి కాబట్టి, ప్యాడ్లు బాగున్నా సరే, ఏటా మృగశిర కార్తె వచ్చేలోపు ఒకసారి వాటిని లాగి గ్రీజు రాస్తాను. ఆ పూట అయితే సిరంజితో కూడా పనుండదు.